కుంపటి వేడి ఎంత

మూడో అంతస్తులో లిఫ్టు మోటారు పక్కనున్న గదిని ఎవరూ కోరి తీసుకోరు. లిఫ్టు కదిలినప్పుడల్లా గోడ గుర్రుమంటుంది, బల్ల మీద కప్పులో టీ వణుకుతుంది. పన్నెండేళ్ల కిందట ఆ గదే కావాలని అడిగి మరీ తీసుకున్న మనిషి ఒక్కరే. ఆ మోతకి ఎవరూ కబుర్లకి రారని ఆమె ధీమా. ఆఫీసంతా ఆమెను జిడ్డక్క అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్లు. ఒకరోజు ఆమే ఆ పేరును కాగితం మీద పెద్దక్షరాలతో రాసి తలుపుకి అంటించుకుంది, దాంతో చాటుగా అనడంలో మజా పోయింది.

పేరు ఊరికే రాలేదు. వీళ్లంతా పనిచేసేది భూమి చుట్టూ తిరిగే ఒక ఎక్స్‌రే టెలిస్కోపు మీద. దాని కెమెరా ముందు పల్చటి తెర ఒకటుంటుంది. టెలిస్కోపు ఒంట్లో వాడిన జిగురూ ప్లాస్టిక్కూ ఏళ్ల తరబడి ఆవిర్లు వదులుతూనే ఉంటాయి, అవి వెళ్లి ఆ తెర మీద పేరుకుంటాయి. పైకి వెళ్లి తుడిచి రావడం అయ్యే పని కాదు. ఎంత పేరుకుందో కొలిచి, ఆ మేరకు లెక్కలో సర్దుకోవాలి. ఆ కొలిచే పని జిడ్డక్కది. నెలకోసారి, ఒక్క నాగా లేకుండా, ఎప్పుడో పేలిపోయిన ఒక నక్షత్రం శిథిలం వైపు టెలిస్కోపును తిప్పిస్తుంది. ఆ శిథిలం వెలుగు ఏడాదికీ ఏడాదికీ మారేది కాదు. అది మసకబారినట్టు కనిపిస్తే, మసకబారింది శిథిలం కాదు, తెర. ఎంత మసకో చూసి ఆమె ఒక సర్దుబాటు ఫైలు తయారుచేసి లోకమంతటికీ పంపుతుంది. ఎక్కడెక్కడి వాళ్లో దాన్ని దించుకుని వాడుకుంటారు. థాంక్స్ చెప్పేవాళ్లు వందలో ఒకరుంటే గొప్ప. పైగా పట్టిన పట్టు విడవని మనిషి కాబట్టి పేరు రెండు విధాలా అతికింది.

ఈ జిడ్డక్కకి స్వయానా ఆడపడుచు పిచ్చుక. రెండో అంతస్తులో కూర్చుంటుంది. ఆ పేరు వాళ్ల అన్నయ్య పెట్టాడు. చిన్నప్పుడు పుల్లలా ఉండి పొద్దస్తమానం వాగేది. ఇప్పుడు ముప్పై నాలుగేళ్లు వచ్చాయి, పేరు ముందు డాక్టర్ చేరింది, పెద్ద పెద్ద సభల్లో ప్రసంగాలు చేసింది, అయినా వదిన పుణ్యమా అని ఇంట్లో పిలిచే పేరే ఆఫీసుకీ ఎక్కింది.

పిచ్చుక పనేమిటో చెబితే కొత్తవాళ్లు ఒక పట్టాన నమ్మరు. ఆకాశంలో కొన్నిచోట్ల వందల కొద్దీ గెలాక్సీలు గుంపుగా ఉంటాయి. ఆ గెలాక్సీల మధ్య ఖాళీగా కనిపించే చోటంతా నిజానికి వాయువు. ఎంత పల్చటిదంటే, లీటరు సీసాలో పట్టేంత చోటుకి ఒక్క కణం ఉంటే ఉన్నట్టు. అయినా ఆ చోటు ఎంత విశాలమంటే, ఆ వాయువునంతా తూస్తే గుంపులోని గెలాక్సీలన్నీ కలిసినా దాని ముందు తేలిపోతాయి. అదంతా కోట్ల డిగ్రీల్లో కాగుతూ ఎక్స్‌రేల్లో వెలుగుతూ ఉంటుంది. ఆ వేడి ఎంతో చెప్పడం పిచ్చుక ఉద్యోగం.

థర్మామీటరు పెట్టి చూసే చోటు కాదది. టెలిస్కోపుకి చిక్కిన వెలుగును గింజ గింజగా లెక్కపెడతారు. ప్రతి గింజకీ ఒక బలం ఉంటుంది. బలాన్ని బట్టి కుప్పలు పోస్తే, బలమైన వైపుకి పోయేకొద్దీ కుప్పలు తరుగుతూ వస్తాయి. ఎంత నిదానంగా తరిగితే వాయువు అంత వేడిగా ఉన్నట్టు. రెండు వందల కోట్ల ఏళ్ల కిందట బయలుదేరిన వెలుగు కోసం మూడు రోజులు పడిగాపులు పడితే నలభై రెండు వేల గింజలు చిక్కుతాయి. వాటిని పోగేసి, ఆ మంట దరిదాపులకి కూడా వెళ్లలేని మనిషి ఒక బల్ల ముందు కూర్చుని, అది ఇన్ని కోట్ల డిగ్రీలు అని తేల్చి చెబుతుంది. పదేళ్లుగా ఇదే పని చేస్తున్నా పిచ్చుకకి ఆ ఆశ్చర్యం తీరలేదు. కుప్పలు కంప్యూటరు మీద రూపు కట్టిన ప్రతిసారీ ఆమె ఒళ్లు గగుర్పొడుస్తుంది.

జిడ్డుతో వచ్చిన చిక్కల్లా, అది బలహీనమైన గింజల్నే ఎక్కువగా మింగుతుంది. ఆ సంగతి లెక్కలోకి తీసుకోకపోతే వాయువు ఉన్నదానికన్నా వేడిగా కనిపిస్తుంది. మింగనివాటిని కూడా మింగిందని లెక్కేస్తే ఉన్నదానికన్నా చల్లగా కనిపిస్తుంది. అంటే రెండో అంతస్తు పరువు మూడో అంతస్తు ఫైలు మీద ఆధారపడి ఉంది.

ఒకరికొకరు ఇంత అవసరమైన ఈ వదినా ఆడపడుచులు ఏడాదిగా మాట్లాడుకోవడం లేదు.

కారణం వింటే వీళ్లకన్నా చిన్నపిల్లలు నయమనిపిస్తుంది. పోయినేడాది ఒక ఆదివారం అన్నయ్య ఇంట్లో భోజనాలు. ఆఫీసు వాళ్లు పదిమంది వచ్చారు, డైరెక్టరు కూడా ఉన్నాడు. అన్నయ్యకి కళ్లద్దాల షాపుంది. "మీ టెలిస్కోపుకి అద్దాలు తుడిచే గుడ్డ ఒకటి నేను ఫ్రీగా పంపిస్తానంటే మా ఆవిడ ఒప్పుకోదు" అని ఎప్పటి జోకే మళ్లీ వేశాడు. అందరూ నవ్వారు. పిచ్చుకకి ఊపొచ్చింది.

"తుడిచే గుడ్డ కాదన్నయ్యా, వదినకి ఒక క్యాలెండరు కొనిపెట్టు. తన ఫైలు వచ్చేసరికి జిడ్డు ఇంకో పొర ఎక్కేస్తుంది. ఆర్నెల్ల కిందటి జిడ్డుతో మేం ఇవాళ్టి ఆకాశం చూస్తున్నాం."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా డైరెక్టరు నవ్వాడు. జిడ్డక్క మాత్రం లేచి గరిటె అందుకుంది. అందరికీ వడ్డించింది, అందరూ వెళ్లేదాకా ఉంది, గిన్నెలు సర్దుకుంది. మర్నాడు ఆఫీసు మెట్ల మీద పిచ్చుక "వదినా" అని పలకరిస్తే, "చెప్పండి డాక్టర్ గారూ" అంది. పిచ్చుక నాలుక కరుచుకుంది. కానీ క్షమాపణ చెప్పడానికి మనసొప్పలేదు, అన్నదాంట్లో అబద్ధం లేదు కదా మరి. "ఏం లేదు మేడమ్" అని దిగి వెళ్లిపోయింది. అంతే, ఆనాటి నుంచి ఒకరు డాక్టర్ గారు, ఇంకొకరు మేడమ్. మధ్యలో అన్నయ్య రెండు వైపులా ఫోన్లు చేసి చేసి అలిసిపోయాడు.

ఆ తర్వాత జిడ్డక్క చేసిన పనేమిటంటే, మూడు నెలలు తల ఎత్తకుండా కూర్చుని కొత్త ఫైలు తయారుచేసింది. జిడ్డు ఎంత వేగంగా పెరుగుతోందో ముందుగానే అంచనా కట్టే ఫైలు. ఆలస్యం అన్న మాటకి ఇక తావు లేకుండా చేసింది. అంతకుముందు ఏ ఫైలు వచ్చినా మొదట ఆడపడుచుకే ఫోన్ చేసి, ఏం మార్చిందో, ఎలా వాడాలో పూసగుచ్చినట్టు చెప్పేది. ఈసారి ఫోన్ చెయ్యలేదు. అందరికీ పంపినట్టే, ఫైలుతో పాటు రెండు పేజీల నోటు పెట్టి ఊరుకుంది. పిచ్చుక ఫైలు దించుకుంది. నోటు తెరవలేదు. మేడమ్ గారు రాసిన నోటు ఎవరిక్కావాలి?

ఇక కుంపటి సంగతి. పిచ్చుక రెండేళ్లుగా పట్టుకుని కూర్చున్న గెలాక్సీల గుంపుకి కేటలాగులో పొడుగాటి నంబరుంది. నడిమధ్యలో ఎర్రగా రాజుకుంటున్నట్టు ఉంటుందని ఆమె దానికి కుంపటి అని పేరు పెట్టుకుంది. కొత్త ఫైలుతో కొలిస్తే కుంపటి వేడి ఏడు కోట్ల నలభై లక్షల డిగ్రీలని తేలింది. ఇక్కడే విశేషం. కుంపటి వెనకాలున్న గెలాక్సీల వెలుగు దాని ఆకర్షణకి ఎంత వంగిందో చూసి దాని బరువు కట్టినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు చెప్పిన బరువుకి వాయువు తొమ్మిది కోట్ల డిగ్రీలైనా ఉండాలి, లేకపోతే ఆ బరువుకి వాయువంతా లోపలికి కుంగిపోవాలి. కుంగలేదు. కాబట్టి వేడి కాక ఇంకేదో దాన్ని నిలబెడుతోందని, లోలోపల ఎవరూ అనుకోనంత పెద్ద సుడులున్నాయని పిచ్చుక పేపరు రాసింది. ఆ వాయువులో కలిసున్న ఇనుము వెలుగులో వేసే గీతల్ని బట్టి వేడి చెప్పే పద్ధతి ఇంకొకటుంది, దాన్ని జిడ్డు ముట్టదు. కానీ అక్కడ గింజలు మరీ తక్కువ, జవాబు ఎనిమిది నుంచి పది కోట్ల మధ్య ఎక్కడో అని వచ్చింది. దాన్ని పేజీ అడుగున చిన్న అక్షరాల్లోకి తోసేసింది.

పేపరు పెద్ద పత్రికలో అచ్చుకి ఒప్పుకున్నారు. ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలొచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యం, రెండో అంతస్తులో ఒక పర్మనెంటు ఉద్యోగం పడింది. పదేళ్లుగా రెండేళ్లకొక కాంట్రాక్టు చొప్పున గడియారం చూసుకుంటూ బతికిన పిచ్చుకకి అది ఆఖరి అవకాశం. ముప్పై అయిదు నిండితే దరఖాస్తు పెట్టే వీల్లేదు, నిండడానికి నాలుగు నెలలుంది. కుంపటి పేపరుతో ఉద్యోగం తనదేనని అందరూ అన్నారు. డైరెక్టరు అయితే కారిడార్లో భుజం తట్టి "కొత్త కుర్చీ ఏ రంగు కావాలో చూసుకో" అన్నాడు.

సరిగ్గా ఇంటర్వ్యూ ఇంకా రెండు వారాలుందనగా జిడ్డక్క లోకమంతటికీ ఒక ప్రకటన పంపింది. మూడే వాక్యాలు. "ప్రస్తుత సర్దుబాటు ఫైలులో దోషం ఉండవచ్చని నాకు అనుమానంగా ఉంది. జిడ్డును ఉన్నదానికన్నా ఎక్కువగా లెక్కిస్తోందేమో పరిశీలిస్తున్నాను. అంతవరకు దీని ఆధారంగా వచ్చిన ఫలితాలను ఖరారు చేయవద్దు."

పిచ్చుక అగ్గి మీద గుగ్గిలమైంది. ఈ రెండు వారాలు ఆగితే ఏం పోయేది? ఏడాది పాటు కక్ష మనసులో పెట్టుకుని, సరిగ్గా నోటి దగ్గరికి వచ్చిన ముద్దని కింద పడేసిందని ఆమె కోపం. డైరెక్టరు గదిలో నిప్పులు చెరిగింది. ఆయన చేతులు పైకెత్తి, "ఇంటర్వ్యూ నాడు కమిటీ ముందు ఆవిణ్నీ మాట్లాడమన్నాను. నీ ఫలితం ఆ ఫైలు మీదే నిలబడిందా, లేకుండా నిలబడుతుందా, అది చూపించు చాలు" అన్నాడు.

చూపిస్తాను అనుకుంది పిచ్చుక. ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు, బుధవారం పొద్దున తలుపు గడియ పెట్టుకుని కూర్చుంది. పాత ఫైలుతో కుంపటిని మళ్లీ కొలిచింది. అదే ఏడు కోట్ల నలభై వస్తే ఇక వదిన నోరెత్తదు.

తొమ్మిది కోట్ల నాలుగు లక్షలు వచ్చింది.

మళ్లీ కొలిచింది, మళ్లీ అంతే. తర్వాత, చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఆమెకి సంతోషం వేసింది. పాత ఫైలు మంచిది, కొత్త ఫైలు చెడ్డది. తప్పు వదినది! మేడమ్ గారు కోపం కొద్దీ హడావిడిగా చేసిన ఫైలు వల్లే తను మునిగింది. పేపరు పోతే పోయింది, తన చేతిలో దోషం లేదని ఎవరైనా ఒప్పుకుంటారు. ఆ మాటే కమిటీకి సాక్ష్యాలతో చూపిద్దామని తన ప్రోగ్రాంని మొదటి లైను నుంచి ప్రింటు తీసుకుంది, ఎర్ర పెన్సిలు పట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

రెండు వందల పన్నెండో లైను దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

మూడేళ్ల కిందట, వదిన ఫైలు నిజంగానే వెనకబడి ఉన్న రోజుల్లో, పిచ్చుక తనంతట తాను ఒక అడ్డదారి రాసుకుంది. తెర మీద ఇంకో పల్చటి పొర జిడ్డున్నట్టు లెక్కలో కలిపే లైను అది. పక్కనే తన చేత్తో రాసుకున్న గుర్తు కూడా ఉంది. "తాత్కాలికం. వదిన కొత్త ఫైలు రాగానే తీసెయ్యాలి."

తీసెయ్యలేదు. వదిన ఫైలు ఆ పొరను పూర్తిగా కలుపుకుని వచ్చింది, పిచ్చుక దాని మీద తన పొర కూడా వేసింది. ఒకే కూరలో ఇద్దరూ ఉప్పేశారు. లేని జిడ్డు మింగిందనుకున్న గింజల్ని ఆమె కుప్పల్లో తిరిగి పోసింది, కుంపటి ఆ మేరకు చల్లబడింది. ఆ లైను కొట్టేసి కొత్త ఫైలుతో కొలిచింది. తొమ్మిది కోట్ల మూడు లక్షలు. అప్పుడు, తొమ్మిది నెలలు ఆలస్యంగా, వదిన నోటు తెరిచింది. మొదటి పేజీలో మొదటి మాటే అది. "ఇంతకుముందు ఎవరైనా సొంతంగా సర్దుబాటు చేసుకుని ఉంటే, ఈ ఫైలు వాడేముందు తప్పక తీసివేయండి."

ఎవరైనా అని రాసింది కానీ, లోకంలో అలా చేసుకున్నది ఒక్కరేనని రాసినామెకీ తెలుసు, చదువుతున్నామెకీ తెలుసు. మూడేళ్ల కిందట ఆ అడ్డదారి గురించి పిచ్చుకే వదినకి గొప్పగా చెప్పింది. కొత్త ఫైలు రాగానే తీసేస్తాననీ అప్పుడే మాటిచ్చింది.

ఆ మధ్యాహ్నం పిచ్చుక మంచిదానిలా ఆలోచించిందని చెబితే అది కథ అవుతుంది కానీ నిజం కాదు. ఆమె ఆలోచించింది ఇది. ప్రోగ్రాం తనది, తన కంప్యూటరులో ఉంది, ఇంకెవరూ చూడరు. ఒక్క లైను చెరిపేస్తే పోయింది. ఫైలు మీద అనుమానం వదినే ప్రకటించుకుంది, ఎవరూ తనని వేలెత్తి చూపరు. ఫైలు తప్పు వల్ల పేపరు మార్చుకోవాల్సి వచ్చిందంటే అందరూ అయ్యో పాపం అంటారు. ఉద్యోగం దక్కుతుంది. వదినకి ఎలాగూ పర్మనెంటే, ఆమెకి పోయేదేముంది? ఒక మాట పడుతుంది, అంతే.

గురువారం సాయంత్రం కాళ్లు ఆమెను అన్నయ్య షాపుకి తీసుకెళ్లాయి. షాపులో ఎవరూ లేరు. కళ్లు పరీక్ష చేసే కుర్చీలో కూలబడింది.

"ఏంటే, కళ్ల కింద ఆ నలుపేంటి?" అన్నాడు అన్నయ్య.

"ఏం లేదు. వదిన ఎలా ఉంది?"

"ఏడాదికి గుర్తొచ్చిందా అడగాలని!" అని దెప్పిపొడిచాడు కానీ వెంటనే మెత్తబడ్డాడు. "బాగాలేదే. పన్నెండేళ్ల లెక్కలన్నీ ముందేసుకుని మొదటి నెల నుంచి మళ్లీ కడుతోంది. తిండి మీద ధ్యాస లేదు. ఏమడిగినా, ఎక్కడో తప్పు చేశానండీ, అదెక్కడో దొరకట్లేదు, అంటుంది. నిన్న నేను జోకేస్తే ఎన్నడూ లేనిది నవ్వింది. అప్పుడు భయమేసింది నాకు."

ఆ తప్పు ఎన్నేళ్లు వెతికినా దొరకదని చెప్పడానికి పిచ్చుక నోరు తెరిచింది. చెప్పలేక కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. అన్నయ్య మామూలుగా ఆమె కళ్లద్దాలు తీసుకుని తుడిచి ఇచ్చాడు. పెట్టుకుని లేచి వెళ్లిపోయింది.

శుక్రవారం పది గంటలకి హాల్లో కమిటీ కూర్చుంది. డైరెక్టరు, బయటి నుంచి వచ్చిన నలుగురు. జిడ్డక్క కట్టుకున్న చీరలో, ముడిచిన జుట్టులో ఎక్కడా తేడా లేదు, మొహం మాత్రం పీక్కుపోయింది. పెద్ద తెర మీద ఒక పటం చూపించింది. నూట యాభైకి పైగా చుక్కలు. పన్నెండేళ్ల రెండు నెలల్లో ఒక్క నెలా వదలకుండా. మెల్లగా మసకబారుతున్న శిథిలం.

పిచ్చుక పదేళ్లుగా ఈ చుక్కల మీద బతుకుతోంది. అన్నిటినీ ఒక్కచోట చూడటం మాత్రం అదే మొదటిసారి. ఆమెకి ఫైలంటే బటన్ నొక్కితే దిగే వస్తువు. దాని వెనక ఇదంతా ఉందని తెలుసు కానీ, తెలియడం వేరు, చూడటం వేరు. అయిదో ఏడు దగ్గర చుక్కలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. అక్కడ టెలిస్కోపులో ఒక హీటరు పాడైందని, జిడ్డు పేరుకునే తీరు మారుతుందేమోనని రెండు నెలల పాటు వారానికోసారి కొలిచానని జిడ్డక్క చెప్పుకుపోతోంది. ఎనిమిదో ఏట ఒక చుక్క కింద తారీఖు చూసి పిచ్చుక చూపు అక్కడే ఆగింది. అది వాళ్ల నాన్న పోయిన వారం. ఆ వారమంతా తను మంచం దిగలేదు. వచ్చినవాళ్లకి వండిపెట్టింది, ఆసుపత్రి కాగితాలు చూసుకున్నది, తనకి అన్నం కలిపి పెట్టింది వదినే. చుక్క మాత్రం ఆ నెలా ఉంది, వరసలో, వీసమెత్తు పక్కకి జరగకుండా. ఇంత గొప్ప పని ఈ భవనంలో ఇంకెవరూ చెయ్యలేదని, తను కూడా చెయ్యలేదని పిచ్చుకకి అప్పుడు తెలిసింది. దీన్ని పట్టుకుని తను క్యాలెండరు జోకు వేసింది.

"మొదటి నుంచి మూడుసార్లు కట్టాను. తప్పు దొరకలేదు" అంది జిడ్డక్క. గొంతు స్థిరంగానే ఉంది. "దొరకలేదంటే లేదని కాదు. కుంపటి వేడి ఉండాల్సినదానికన్నా తక్కువ రావడానికి నా ఫైలే కారణమని నేననుకుంటున్నాను. ఆ ఫైలు వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క మనవి. కొలిచినావిడ నా ఫైలుని నమ్మి కొలిచింది. ఉద్యోగం విషయంలో దీన్ని ఆవిడ మీద వెయ్యొద్దు. ఇది నా విభాగం పొరపాటు."

కమిటీలో ఒకాయన తల ఊపుతూ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. డైరెక్టరు పిచ్చుక వైపు తిరిగి, "ఇంకేం చెప్పక్కర్లేదనుకుంటా, కూర్చో" అన్నట్టు చెయ్యి ఊపాడు. కూర్చుంటే సరిపోయేది. ఆమె అప్పటికే లేచి నిలబడి ఉంది.

"ఆ ఫైలు వెనక్కి తీసుకోవద్దు. అందులో తప్పు లేదు. తప్పు నాది." ప్రోగ్రాం తెర మీద పెట్టింది, రెండు వందల పన్నెండో లైను చూపించింది. దాని పక్కన రాసుకున్న మాటలు పైకి చదివింది. "తాత్కాలికం. వదిన కొత్త ఫైలు రాగానే తీసెయ్యాలి." "ఫైలు వచ్చింది. నేను తియ్యలేదు. తియ్యమని వదిన నోటు రాసింది, నేను చదవలేదు. బుధవారమే చూశాను. రెండు రోజులు దాచాను. దాచేద్దామనే అనుకున్నాను."

డైరెక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అంటే పేపరు..."

"వెనక్కి తీసుకుంటాను."

"ఈ ఉద్యోగం..."

"తెలుసండి."

వెనక నుంచి జిడ్డక్క గొంతు వినిపించింది. కమిటీ గానీ డైరెక్టరు గానీ ఉన్నట్టే ఆమెకి పట్టలేదు. "ఆ లైను తీసేస్తే ఎంతొచ్చిందే?"

"తొమ్మిది కోట్ల మూడు లక్షలు."

"ఇనుము గీతలు ఎనిమిదికీ పదికీ మధ్య అన్నాయి కదా?"

"అన్నాయి వదినా."

"బరువు కట్టినవాళ్లు?"

"తొమ్మిది."

జిడ్డక్క మొహం విప్పారింది. రెండు వారాల తర్వాత అదే మొదటిసారి. "మూడు దారులూ ఒక్కచోటికే వచ్చాయి" అంది, తనలో తను. పిచ్చుక కూడా ఆ క్షణం ఉద్యోగం సంగతి మర్చిపోయింది. ఎక్కడో ఊహకందనంత దూరాన, మనుషులు పుట్టకముందు కాగిన ఒక మంట వేడి తొమ్మిది కోట్ల డిగ్రీలని, మూడు రకాలుగా అడిగితే మూడుసార్లూ అదే జవాబు చెప్పింది. సుడులూ లేవు, వింతా లేదు. వింత లేకపోవడమే ఆమెకి ఆ పూట అన్నిటికన్నా వింతగా అనిపించింది.

కమిటీ మధ్యాహ్నానికి నిర్ణయం చెప్పింది. దాచిన రెండు రోజుల్ని లెక్కలోకి తీసుకోకుండా ఉండలేమన్నారు. ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది. డైరెక్టరు ఈసారి భుజం తట్టలేదు, కాంట్రాక్టు ముగిసేదాకా గది వాడుకోవచ్చని మాత్రం అన్నాడు. పిచ్చుక సరేనని, మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్లింది. లిఫ్టు మోటారు పక్కగదిలో జిడ్డక్క అప్పుడే మరో ప్రకటన రాస్తోంది, ఫైలు నిక్షేపంగా ఉందని.

"కూర్చో. ఆ పేపరు వెనక్కి తీసుకునే ఉత్తరం ఇద్దరం కలిసి రాద్దాం. నీ ఒక్కదాని చేతికిస్తే పది పేజీలు ఏడుస్తావు."

పిచ్చుక కూర్చోలేదు. "నన్ను ఒక్క మాట అడిగుంటే అయిపోయేది కదా వదినా. నీ ప్రోగ్రాం ఒకసారి చూపించవే అంటే నిమిషంలో తేలేది. రెండు వారాలు అన్నం మానేసి ఎందుకు వెతుక్కున్నావు? నా మీద కోపంతోనా?"

"కోపం ఉంది. ఎందుకుండదు, పదిమందిలో అన్నావు." జిడ్డక్క టైపు చెయ్యడం ఆపి ఆమె వైపు తిరిగింది. "కోపం వేరు, పని వేరు. తీసేస్తానని మాటిచ్చావు, తీసేసే ఉంటావనుకున్నాను. కొలిచింది నువ్వు కదే. నువ్వు కొలిచాక అందులో తప్పుంటుందని నాకు తట్టనే లేదు. అందుకని నాదాంట్లో వెతికాను."

పిచ్చుక అక్కడే ఏడ్చేసింది. ఉద్యోగం పోయిందని విన్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.